నాన్న క్యాంపు స్టవ్

కిరసనాయిలు పంపు స్టవ్ విప్పి శుభ్రం చేసి మళ్ళీ నీలం మంట తెప్పించడం నాకు వచ్చని చెబితే మా తమ్ముడి పిల్లలు "అదేంటత్తా?" అంటారు. నా ఈడు వాళ్ళు మాత్రం కుర్చీ ముందుకు జరుపుకుని, మా ఇంట్లోనూ ఉండేదండీ, ఇత్తడిది, ఎంత చప్పుడో, తెల్లారకుండానే ఇల్లంతా లేచి కూర్చునేది అని మొదలెడతారు. చప్పుడు అందరికీ గుర్తుంది. ఆ చప్పుడులో తేడాని బట్టి స్టవ్‌లో ఎక్కడ ఏం పోయిందో చెప్పొచ్చన్న సంగతి మాత్రం చాలామందికి తెలీదు, ఎందుకంటే తేడా రాగానే బజారుకి పట్టుకెళ్ళి మేస్త్రీకి ఇచ్చేసేవారు. మా ఇంట్లో ఆ మేస్త్రీ నాన్నే.

నాన్న వంశధార ప్రాజెక్టులో వర్క్ ఇన్‌స్పెక్టరు. మేం శ్రీకాకుళం గుజరాతీపేటలో ఉండేవాళ్ళం, ఆయన మాత్రం నెలలో సగం పైగా క్యాంపులోనే. హిరమండలం దగ్గర గొట్టా బ్యారేజీలో మొదలై టెక్కలి, పలాస వైపు వెళ్ళే ఎడమ కాలువ నూరు కిలోమీటర్ల పైనే ఉంటుంది. దాని గట్టు పొడుగునా ఎక్కడ పని జరుగుతుంటే అక్కడ వీళ్ళ మకాం. ఒక్కోసారి బడి వరండా, ఒక్కోసారి సిమెంటు బస్తాలు పెట్టే రేకుల షెడ్డు, అదృష్టం బాగుంటే డిపార్టుమెంటు బంగళా. హోటలనేది బస్సు ఆగే ఊళ్ళో తప్ప దొరకదు, దొరికినా ఆ నూనె ఆయనకి పడేది కాదు. అందుకని ట్రంకు పెట్టె, హోల్డాలు, వాటితోపాటు ఒక చెక్క పెట్టె. ఆ చెక్క పెట్టెలో గోనెగుడ్డ చుట్టిన స్టవ్, స్పిరిట్ సీసా, గరాటు, పిన్నుల పొట్లం, ఒక చిన్న స్పానరు, డాల్డా డబ్బా కత్తిరించి చేసిన రేకు. గట్టు మీద గాలి ఊరికే వదలదు కదా, స్టవ్ చుట్టూ నిలబెట్టడానికి ఆ రేకు. బస్సెక్కే ముందు ట్యాంకులో కిరసనాయిలు చుక్క లేకుండా వంచేసేవారు, కండక్టరు వాసన పట్టాడంటే దింపేస్తాడని.

స్టవ్ విశాఖ పూర్ణా మార్కెట్లో కొన్నారట. ఇత్తడి ట్యాంకు, మూడు కాళ్ళు, పైన బర్నరు. అమ్మకి ఇంట్లో కట్టెల పొయ్యి, పొట్టు పొయ్యి ఉండేవి, ఈ స్టవ్ క్యాంపు సామాను కిందే లెక్క, నాన్న ఇంటికొచ్చినప్పుడు మాత్రం పొద్దున్న కాఫీకి అది వెలిగేది. అమ్మకి అదంటే భయం. నాకు సరదా. పెద్దపిల్లని నేనే, తమ్ముడు అప్పటికి చిన్నవాడు, పైగా వాడికి ఆ చప్పుడు వింటే ఏడుపు. అలా స్పానరు అందించే పని నాకు పడింది, తర్వాత్తర్వాత స్పానరు పట్టుకునే పని కూడా.

వెలిగించడం ఒక తతంగం. ముందు గాలి స్క్రూ వదులు చెయ్యాలి, ట్యాంకులో ఒత్తిడి ఏమీ లేకుండా. బర్నరు కింద ఉండే చిన్న గిన్నెలో స్పిరిట్ పోసి అంటించాలి. ఆ స్పిరిట్ మంట పగలు కనపడదు కూడా, చెయ్యి దగ్గర పెడితేనే తెలుస్తుంది. అది మండుతున్నంతసేపు తొందరపడకూడదు. "కిరసనాయిలు మండదు పాపా, దాని ఆవిరి మండుతుంది. గొట్టాలు కాలాలి, లోపలికొచ్చిన నూనె అక్కడే ఆవిరైపోవాలి" అనేవారు నాన్న. స్పిరిట్ అయిపోవస్తోందనగా స్క్రూ బిగించి, రెండు మూడు పంపులు కొడితే బర్నరు దగ్గర చిన్న దగ్గు లాంటిది వస్తుంది, వెంటనే నీలంగా అంటుకుంటుంది. అప్పుడు మిగతా పంపులు. ఇక అక్కణ్ణించి స్పిరిట్ అక్కర్లేదు, తన మంటతోనే తన గొట్టాలు కాల్చుకుంటూ, తన నూనె తనే ఆవిరి చేసుకుంటూ పోతుంది. నాకు ఆ ఏర్పాటు ఇప్పటికీ అబ్బురంగానే ఉంటుంది.

గొట్టాలు సరిగ్గా కాలకముందే పంపు కొట్టేస్తే మాత్రం నూనె నూనెలాగే పైకి చిమ్ముతుంది, రెండడుగుల పచ్చ మంట, దూలాలకి మసి. చాలా ఇళ్ళలో "స్టవ్ భగ్గుమంది" అని భయపడేది ఇదే. ఏం లేదు, స్క్రూ విప్పేస్తే గాలి పోయి మంట కూర్చుంటుంది. చల్లారనిచ్చి మళ్ళీ స్పిరిట్ పొయ్యడమే. పంపు మీద పంపు కొట్టి మంటని దారికి తెద్దామనుకునే వాళ్ళతోనే వచ్చేది చిక్కంతా.

దీనికి సన్న సెగ అంటూ లేదు, అదొక్కటే దాని అవలక్షణం. కాస్త గాలి వదిలితే తగ్గుతుంది, కానీ మరీ తగ్గిస్తే గొట్టాలు చల్లబడి మళ్ళీ పచ్చ మంట. లీటరు నీళ్ళు అయిదారు నిమిషాల్లో మరిగిపోతాయి, చోడి అంబలి మాత్రం కదపకుండా వదిలేస్తే అడుగంటిపోతుంది. క్యాంపులో నాన్న వండిన అంబలికి ఎప్పుడూ మాడు వాసనేనని ఆయనతో పనిచేసిన లస్కరు మా ఇంటికొచ్చినప్పుడల్లా చెప్పి నవ్వేవాడు. "అయ్యగారి అంబలి మా గేదె కూడా తాగదమ్మా" అనేవాడు. నాన్న ఏమనేవారు కాదు, స్టవ్ వైపు చూసేవారు, తప్పంతా దానిదే అన్నట్టు.

ఇప్పుడు చప్పుడు సంగతి. బాగున్న స్టవ్ ఒకే స్థాయిలో మోగుతుంది. మధ్యమధ్యలో గుటకలు వేస్తూ మంట పైకీ కిందకీ ఊగిందంటే లోపల గొట్టాల్లో మసి పట్టింది, నూనె సాఫీగా రావట్లేదు, లేదా సరిగ్గా వేడెక్కలేదు. చప్పుడు సన్నబడి మంట ఒక పక్కకే పోతోందంటే నిపిల్‌లో, అంటే ఆవిరి బయటికి చిమ్మే మొనలో, చెత్త. ఆ నిపిల్ బెజ్జం మిల్లీమీటరులో మూడో వంతు ఉంటుందేమో, అంతే. ట్యాంకులోంచి వచ్చే చిన్న నలక చాలు దాన్ని మూసెయ్యడానికి. రేషన్ కిరసనాయిలు డ్రమ్ము అడుగుది వచ్చిందంటే ఆ వారమంతా పిన్ను చేతిలో పట్టుకునే ఉండాలి. చప్పుడు బాగానే ఉండి, మంట చివర్లు పచ్చబడి గిన్నె అడుగు నల్లబడుతోందంటే అది ఇంకో జబ్బు: పొడిచి పొడిచి బెజ్జం పెద్దదైపోయింది. నూనె ఎక్కువొస్తోంది, దానికి తగ్గ గాలి కలవట్లేదు. దానికి ఏ వైద్యమూ లేదు, నిపిల్ మార్చడమే.

పిన్ను పొడవడం చూసే ఉంటారు, రేకు ముక్క చివర సన్న తీగ. తిన్నగా దించి తిన్నగా తియ్యాలి. ఏమాత్రం వంకర పెట్టినా తీగ విరిగి బెజ్జంలోనే ఉండిపోతుంది, అప్పుడు నిపిల్ విప్పి వెనకనుంచి తట్టుకోవాలి. నాన్న బజారు నుంచి పిన్నులు తెస్తే ముందు వెలుతురుకి పెట్టి ఒక్కొక్కటీ చూసేవారు, తీగ మధ్యలో లేనివి పక్కన పడేసేవారు. మార్కెట్ సందులో స్టవ్ సామాను అమ్మే కొట్టాయన నన్ను చూడగానే "ఏటమ్మా, మీ నాన్న మళ్ళీ పిన్నులు తిప్పి పంపీసినారా?" అనేవాడు.

పంపు జబ్బులు రెండు రకాలు. రాడ్డు నొక్కితే అడ్డూ ఆపూ లేకుండా లోపలికి పోయిందంటే తోలు వాషరు ఎండిపోయింది. ఆ వాషరు చిన్న గిన్నె ఆకారంలో ఉంటుంది, నొక్కినప్పుడు అంచులు విచ్చుకుని గొట్టం గోడలకి ఆనుకుంటేనే గాలిని కిందకి తోస్తుంది. ఎండితే అంచులు ముడుచుకుపోతాయి. బయటికి తీసి, కుట్టుమిషను నూనెలో రాత్రంతా నానబెట్టి, పొద్దున్న వేళ్ళతో అంచులు విప్పుతూ మర్దనా చేస్తే మళ్ళీ ప్రాణం వస్తుంది. తిరిగి లోపలికి దించేటప్పుడు అంచు మడత పడకుండా గుండ్రంగా తిప్పుతూ దించాలి. ఇది నాన్న నాకే వదిలేసేవారు, నా వేళ్ళు సన్నవని. మరీ చిరిగిపోతే అరసవల్లి రోడ్డులో చెప్పులు కుట్టే తాత పాత తోలు ముక్క కత్తిరించి ఇచ్చేవాడు, దాన్ని తడిపి గోళీ మీద నొక్కి కట్టి ఆరబెడితే గిన్నె ఆకారం వచ్చేది. కొట్లో దొరికే వాషరు కన్నా అదే ఎక్కువ కాలం వచ్చేది, అబద్ధం కాదు.

రెండో జబ్బు అసలైన తలనొప్పి. నొక్కిన రాడ్డు వదలగానే దానంతటదే పైకి లేస్తుంది, ఒక్కోసారి రాడ్డు పక్కనుంచి కిరసనాయిలు ఊరుతుంది. అంటే పంపు గొట్టం అడుగున ఉండే వాల్వు కారుతోందన్నమాట. గాలిని లోపలికి పోనిచ్చి వెనక్కి రానివ్వకపోవడమే దాని పని. శనగగింజంత ఇత్తడి బుడిపె, లోపల స్ప్రింగు, దాని కొసకి చిన్న బెండు ముక్క. ఆ బెండు ముక్క అరిగినా, దాని మీద నలక కూర్చున్నా అంతే సంగతులు. పైగా అది గొట్టం అడుగున ఉంటుంది, మామూలు స్పానరు అందదు, పొడుగు స్పానరు కావాలి. అది నాన్న ప్రాజెక్టు వర్క్‌షాపులో ఎవరిచేతో చేయించుకున్నారు. కొందరు బెండు బదులు సైకిల్ ట్యూబు ముక్క పెడతారు, మొదటి రెండ్రోజులు భేషుగ్గా పనిచేస్తుంది. తర్వాత ఆ రబ్బరు కిరసనాయిలు తాగి ఉబ్బిపోయి అసలు గాలే పోనివ్వదు. నాన్న మందు సీసాల బెండ్లు దాచేవారు, పాత టానిక్కు సీసాలకి వచ్చేవి, వాటిలో మెత్తగా గింజలు లేని చోటు చూసి బ్లేడుతో కోసేవారు. కోసిన ముక్కని కళ్ళద్దాల కింద పెట్టి చూస్తూ చాలాసేపు మాట్లాడేవారు కాదు. అప్పుడు అమ్మ అన్నానికి పిలిచినా పలికేవారు కాదు, నేనూ పలికేదాన్ని కాదు, ఇద్దరికీ కలిపి తిట్లు.

బర్నరులో మసి తియ్యడానికి దాన్ని ట్యాంకు నుంచి విప్పి, బొగ్గుల్లో పెట్టి కాస్త ఎర్రబడగానే నీళ్ళలో ముంచేవారు. లోపల గడ్డకట్టిన మసి పగిలి ఊడుతుంది. తర్వాత సైకిల్ బ్రేకు తీగ పోగులు గొట్టాల్లోంచి లాగి దులపాలి. ఎక్కువ కాల్చారంటే గొట్టాల అతుకులే ఊడిపోతాయి, కాబట్టి పట్టకారు చేతిలోంచి వదలకూడదు. మళ్ళీ బిగించేటప్పుడు బర్నరు కింద సీసం వాషరు కొత్తది వెయ్యాలి, పాతది ఒకసారి నలిగిందంటే రెండోసారి కూర్చోదు. అక్కడ పీనాసితనం చేసిన వాళ్ళ స్టవ్‌లే మెడ దగ్గర అంటుకునేవి. అంతా అయ్యాక గాలి కొట్టి, ట్యాంకుని నీళ్ళ బకెట్లో ముంచి బుడగలు వస్తున్నాయేమో చూడాలి, పంక్చరు కొట్లో ట్యూబు చూసినట్టే.

ఒక ఏడు ట్యాంకు అడుగున అతుకు దగ్గర బుడగలు వచ్చాయి. శ్రీకాకుళంలో ఇద్దరు ముగ్గురు మేం చెయ్యలేమన్నారు, ఒకాయన ట్యాంకు మార్చెయ్యండి అన్నాడు. నాన్నకి కోపం వచ్చింది. మా జిల్లాలోనే బుడితి ఉంది కదా, ఇత్తడి, కంచు పనికి పేరున్న ఊరు, ఇప్పుడు భౌగోళిక గుర్తింపు కూడా వచ్చింది. సెలవుల్లో నన్నూ తీసుకెళ్ళారు. ఇంటి ముందు కొలిమి, పక్కన మట్టి అచ్చులు, గోడవారగా సగం నగిషీ చెక్కిన బిందెలు. అక్కడి ముసలాయన స్టవ్ తిరగేసి చూసి, గోటితో కొట్టి చూసి, "ఇత్తడి మంచిదే బావూ, పారీకండి" అన్నారు. మాటు వెయ్యడానికి ముందు ట్యాంకు ఖాళీ చేసి, నీళ్ళు పోసి కడిగి, మళ్ళీ కడిగి, మూడొంతుల పైన నీళ్ళు నింపి తిరగేశారు, అతుకున్న చోటు వరకే ఖాళీ. ఎందుకు నీళ్ళు అని నేనడిగితే నాన్న వైపు చూసి నవ్వి, "గుంట తెలివైందే" అన్నారు తప్ప చెప్పలేదు. తిరుగు బస్సులో నాన్న చెప్పారు, ఖాళీ ట్యాంకులో నూనె ఉండదు గానీ ఆవిరి ఉంటుంది, కాల్చిన ఇనుము తగిలితే పేలుతుందని, అందుకే ఆ ఖాళీ అంతా నీళ్ళతో నింపేశారని. ఆ మాటు ఇప్పటికీ ఉంది. చుట్టూ ఇత్తడి మెరుస్తుంటే అదొక్కటే బూడిదరంగులో ఉంటుంది. అమ్మ పండక్కి చింతపండు పెట్టి తోమినప్పుడల్లా అక్కడ మాత్రం తెల్లబడట్లేదేమిటని విసుక్కునేది.

పేలడం అన్నాను కాబట్టి ఇంకో మాట చెప్పాలి, చెప్పకుండా ఈ స్టవ్‌ల గురించి ముచ్చట్లు రాయడం నాకు సబబు అనిపించదు. నేను హైస్కూల్లో, కాలేజీలో ఉన్న రోజుల్లో పేపరు తిరగేస్తే "స్టవ్ పేలి వివాహిత మృతి" అన్న వార్త తరచూ ఉండేది. అదేం విచిత్రమో, స్టవ్ ఎప్పుడూ కోడలి దగ్గరే పేలేది, అత్తగారి దగ్గరో ఆడపడుచు దగ్గరో పేలేది కాదు. మా ఇంట్లో ఆ వార్త చదివినప్పుడు అమ్మ స్టవ్ వైపు చూస్తే, నాన్న "దాన్నెందుకు చూస్తావు?" అనేవారు. ట్యాంకు పేలాలంటే ఏం జరగాలో ఆయనకి తెలుసు. నూనె నిండుగా పోసి గాలికి చోటు లేకుండా చెయ్యాలి, లేదా వేడి మీద మూత విప్పాలి, లేదా కల్తీ పెట్రోలు కలిసిన నూనె పొయ్యాలి. అలాంటి ప్రమాదాలు నిజంగా జరిగిన ఇళ్ళూ ఉన్నాయి, కాదనను. కానీ కొన్నిచోట్ల మనిషి కాలిపోయి స్టవ్ చెక్కుచెదరకుండా ఉండేది. 1983లో 498ఎ సెక్షన్, 1986లో వరకట్న మరణాల మీద 304బి ఊరికే రాలేదు. నాకు పెళ్ళి చేసి విజయనగరం పంపేటప్పుడు మిగతా సామానుతో స్టవ్ కూడా పెడదామని అమ్మ అంటే నాన్న వద్దన్నారు. ఎందుకో నేనడగలేదు, ఆయన చెప్పలేదు. తర్వాత చాలా ఏళ్ళకి, రిటైరయ్యాక, తనే తీసుకొచ్చి మా వంటింట్లో పెట్టారు.

అప్పటికే దాని రోజులు అయిపోయాయి. 70ల చివర్లో ఇండియన్ ఆయిల్ వాళ్ళ నూతన్ ఒత్తుల స్టవ్ వచ్చింది, చప్పుడు లేదు, స్పిరిట్ అక్కర్లేదు, అగ్గిపుల్ల గీస్తే చాలు. పంపు స్టవ్‌ని సగం ఇళ్ళలోంచి అదే పంపేసింది. ఆ తర్వాత గ్యాసు. 1999లో దీపం పథకం మొదలై డ్వాక్రా మహిళలకి కనెక్షన్లు ఇచ్చేసరికి ఏజెన్సీ వైపు కూడా సిలిండర్లు కనిపించాయి. మంచిదే, నేను కట్టెల పొగ తాగిన మనిషినే, గ్యాసు వచ్చినందుకు ఎవరైనా ఏడుస్తారా? రేషన్ షాపు ముందు డబ్బాలు వరసలో పెట్టి, మనం వెళ్ళి చెట్టు కింద కూర్చోవడం, దారి మళ్ళకుండా నీలం రంగు కలిపిన ఆ కిరసనాయిలు, కొలత డబ్బాలో నురగ, వంచుతుంటే చేతులకి అంటిన వాసన మూడుసార్లు సబ్బు రాసినా పోకపోవడం, ఇవన్నీ మళ్ళీ కావాలని నాకేం లేదు. స్టవ్ కావాలి, క్యూ వద్దు.

విజయనగరంలో మాత్రం పంపు స్టవ్ ఇంకొన్నాళ్ళు బతికింది, బజార్లో, జాతరల్లో. సిరిమాను పండక్కి మూడు లాంతర్ల దగ్గర నుంచి కోట దాకా కిక్కిరిసి ఉంటుంది కదా, ఆ జనంలో టీ బళ్ళ కింద ఇవే మోగుతూ ఉండేవి. మా అత్తగారు బజ్జీల వాసన పట్టుకుని వెళ్తే నేను చప్పుడు పట్టుకుని వెళ్ళేదాన్ని. ఒకసారి ఒక బండి దగ్గర నిలబడి "బాబూ, నీ నిపిల్ పెద్దదైపోయింది, నూనె దండగ" అంటే అతను టీ గ్లాసు చేతిలో అలాగే పట్టుకుని మా ఆయన వైపు చూశాడు. మా ఆయన నాకేం సంబంధం లేదన్నట్టు ఆకాశం చూశారు.

పెట్రోమాక్స్ దీపం కూడా ఈ స్టవ్‌కి వరసకి చెల్లెలే. అదే పంపు, అదే పిన్ను, ఆవిరైన కిరసనాయిలే, మంట బదులు మాంటిల్ వెలుగుతుంది. మాంటిల్ అంటే లవణాల్లో నానబెట్టిన చిన్న గుడ్డ సంచి, ఒకసారి కాలాక గుడ్డ పోయి బూడిద గూడు మిగులుతుంది, అదే తెల్లగా వెలుగుతుంది, వేలు తగిలితే రాలిపోతుంది. పాత మాంటిళ్ళలో థోరియం ఉండేది, ఆ థోరియం మోనజైట్ ఇసుకలోంచి వస్తుంది, ఆ ఇసుక మన భావనపాడు, కళింగపట్నం తీరంలోనే ఉంది. మన కాళ్ళ కింద ఇసుకే మన పెళ్ళి పందిళ్ళలో వెలిగిందా అని నాకు ఎప్పుడూ అనిపిస్తుంది, అయితే ఆ మాంటిళ్ళలోది ఏ తీరం ఇసుకో చెప్పలేం.

ఈ స్టవ్ మనది కాదని, స్వీడన్‌ వాళ్ళదని నాకు తెలిసింది మేనల్లుడి వల్ల. వాడు హైదరాబాద్‌లో ఉద్యోగం, సెలవొస్తే కొండలెక్కుతాడు. ఫ్రాన్స్ విల్హెల్మ్ లిండ్‌క్విస్ట్ అనే మెకానిక్ స్టాక్‌హోంలో దీన్ని తయారుచేసి 1892 నుంచి ప్రైమస్ పేరుతో అమ్మించాడట. 1911లో దక్షిణ ధ్రువం చేరిన అముండ్‌సెన్ దగ్గరా, 1953లో ఎవరెస్టు ఎక్కిన బృందం దగ్గరా ప్రైమస్సే. అన్నిటికన్నా నాకు నచ్చింది ఇంకోటి. 1897లో ఆండ్రే అనే ఆయన ఇద్దరితో కలిసి బెలూన్‌లో ఉత్తర ధ్రువానికి బయల్దేరి మంచులో దిగిపోయి చనిపోయాడు. 1930లో వాళ్ళ మకాం దొరికింది, అందులో ప్రైమస్ స్టవ్ కూడా, అది వెలిగిస్తే వెలిగిందట. 33 ఏళ్ళు మంచులో పడి ఉన్న స్టవ్! ఇది వినగానే నాకొచ్చిన మొదటి ఆలోచన, ఆ తోలు వాషరు ఎండలేదా అని. నాన్న ఉంటే ఆయనా అదే అడిగేవారు.

మేనల్లుడు ఒకసారి తన క్యాంపు స్టవ్ తెచ్చాడు, స్వియా 123 అని, 1955లో మొదలైన మోడల్, ఎవరి దగ్గరో పాతది కొన్నాడు. అరచేతిలో పడుతుంది, ఇత్తడిదే, గొలుసుకి వేలాడే చిన్న తాళంచెవితో మంట పెంచాలి, తగ్గించాలి. పెట్రోలు స్టవ్. పంపు లేదు! ఎలా పనిచేస్తుందిరా అంటే, లోపల ఒత్తి పెట్రోలుని పైకి లాగుతుంది, మంట వేడి కిందకి దిగి ట్యాంకులో ఒత్తిడి అదే పుట్టుకొస్తుంది అన్నాడు. మందస మీదుగా మహేంద్రగిరి ఎక్కారట, పైన, 1501 మీటర్ల ఎత్తున, గాలికి వెలగనే లేదు, వెలిగాక మూత దగ్గర చిన్న మంట. "అత్తా, నీకు తెలుస్తుందేమో చూడు" అని నా ముందు పెట్టాడు. మూతలోనే సేఫ్టీ వాల్వు ఉంది, చుట్టూ ఉన్న రబ్బరు గాజులా బిగుసుకుపోయి పగిలిపోయింది. కోట జంక్షన్ వైపు మోటారు సామాను కొట్టుకెళ్ళి పెట్రోలుకీ వేడికీ ఆగే రబ్బరు రింగు ఇమ్మంటే, ఏ బండికండీ అని అడిగాడు. స్టవ్‌కి అంటే కాసేపు నమ్మలేదు. ఒత్తి కూడా సగం మసైపోయి ఉంది, కారు పెట్రోలులో కలిపే మందుల వల్ల అలా అవుతుంది, దానికి కావలసిన శుద్ధమైన పెట్రోలు ఇక్కడ దొరకడం కష్టం. ఒత్తి మార్చి, చెంబులో నీళ్ళు పెట్టి వెలిగించాం. బుజ్జిదైనా గొంతు మాత్రం మా నాన్న స్టవ్‌దే. మేనల్లుడు వీడియో తీస్తుంటే నేను చప్పుడు వింటున్నాను, గుటకలు లేవు, సరే అన్నాను. ఒక్క మాట గట్టిగా చెప్పి పంపాను, నీ పెట్రోలు తాతయ్య పంపు స్టవ్‌లో ఎప్పుడూ పొయ్యకు అని.

నాన్న స్టవ్ చివరిసారి నిజంగా అక్కరకొచ్చింది తిత్లీ తుపానుకి. 2018 అక్టోబరు 11 తెల్లవారుజామున పలాస దగ్గర తీరం దాటింది, ఉద్దానంలో కొబ్బరీ జీడిమామిడీ ఎలా నేలకూలాయో మీకు తెలిసిందే. మా చిన్నాన్న వాళ్ళు అటే. కరెంటు రోజుల తరబడి లేదు, చెట్లు పడి దారులు మూసుకుపోయాయి, వాళ్ళింట్లో సిలిండరు ఆ వారమే అయిపోయింది, కొత్తది వచ్చే దారి లేదు. దారి తెరుచుకోగానే తమ్ముడు బియ్యం, పప్పులతోపాటు నా దగ్గర్నుంచి స్టవ్, దాచిపెట్టుకున్న కిరసనాయిలు డబ్బా పట్టుకెళ్ళాడు. చిన్నాన్నకి ఎనభై దాటాయి, చేతులు వణుకుతాయి, అయినా స్పిరిట్ పోసి వెలిగించింది ఆయనేనట, తమ్ముణ్ణి ముట్టుకోనివ్వలేదట. ఆ వీధి మొత్తానికి పసిపిల్లల పాలు దాని మీదే కాగాయి. తిరిగి వచ్చేసరికి అడుగున మట్టి, కాలొకటి వంగి ఉంది, పిన్నులు ఒక్కటీ లేవు.

ఇప్పుడు రేషన్‌లో కిరసనాయిలు లేదు, అసలు సమస్య అదే. అప్పుడప్పుడు రంగులేనిది బయట దొరుకుతుంది, ధర వింటే స్టవ్ వెలిగించబుద్ధి కాదు. అయినా ఏడాదికోసారి విప్పి వాషరుకి నూనె పెడతాను. పాత ఇత్తడి సామాను తూకానికి అమ్మేవాళ్ళు ట్యాంకుని రెండుగా కొట్టెయ్యకముందు ఎవరైనా నాకు చెబితే వెళ్ళి తెచ్చుకుంటాను, అలా మా ఇంట్లో ఇప్పుడు చిన్న గుంపు తయారైంది, మా ఆయన అటక మీద ఆయన పుస్తకాలకి చోటు లేదని గోల.

విజయనగరం, శ్రీకాకుళం వైపు ఎవరి దగ్గరైనా చప్పుడు లేని రకం బర్నరు, దాని మీద కూర్చునే బెజ్జాల టోపీలు రెండూ సరిగ్గా ఉన్నది, మూల పడి ఉంటే చెప్పండి. మిగతావి చేసుకోగలను, ఆ టోపీలు మాత్రం ఎక్కడా దొరకట్లేదు. సీసం వాషర్లు కావలసిన వాళ్ళకి నేనిస్తాను, కొలత చెబితే చాలు.